బట్ట కప్పిన కొండ

ఆవిడ్ని ఊళ్లో అందరూ బ్రేకమ్మ అనేవారు. డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ నేర్పే కారుకి ఆవిడ కూర్చునే పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్లు కంగారుపడి ఏ గోడ మీదికో తోలబోతే ఆవిడ నోరెత్తకుండా దాన్ని తొక్కేది. టాక్సీలో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా ఆవిడ కుడికాలు దానంతటదే నేలని తొక్కుతూ ఉండేది. "పెళ్లెందుకు చేసుకోలేదు మేడం?" అని ఎవరైనా ధైర్యం చేసి అడిగితే, "జీవితాంతం పక్కన కూర్చుని ఒకడికి బ్రేకులెయ్యాలా? జీతానికి చేసే పని జీతానికే చాలు" అని నవ్వేసేది.

ఇన్నేళ్ల సర్వీసులో కారు మీద గీత కూడా పడనివ్వని మనిషి, ఒకనాడు ఆఫీసు మెట్లు తడిగా ఉన్నాయని చూసుకోక జారిపడి, ఆ కుడికాలే విరగ్గొట్టుకుంది. తొడదాకా కట్టు కట్టి, మంచం దిగొద్దన్నారు డాక్టర్లు.

అప్పుడు ఆవిడకి ముందు కలిగింది ఊరట. నొప్పి తరవాత తెలిసింది.

ఊరట ఎందుకంటే, ఆవిడకి ఒక అక్క ఉంది. ఊరికి అటు చివర, లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో కూతురితో ఉంటుంది. ముందుగదిలో మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ కూతుర్ని పెంచింది. కొన్నాళ్ల కిందట ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతోందో లేదో కూడా ఎవరికీ తెలియలేదు. బ్రేకమ్మ ఆదివారం ఆదివారం వెళ్లి, ఎదురుగా కూర్చుని "అక్కా, నేనే" అనేది. అక్క చూపు ఆవిడ మొహంలోంచి దూసుకుపోయి వెనకాల గోడ మీద ఆగేది. నన్ను పెంచిన కళ్లేనా ఇవి అనిపించేది. మెట్లు దిగుతుంటే హమ్మయ్య అనిపించేది, అలా అనిపించినందుకు తల కొట్టేసినట్టుండేది. కాలు విరిగాక ఆ మెట్లెక్కే పని తప్పింది.

అక్క కూతురు మందుల షాపులో పని చేస్తుంది. పిన్ని మంచాన పడిందని ఒక సాయంత్రం చూడ్డానికి వచ్చి, తన పాత ట్యాబ్ చేతిలో పెట్టింది.

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది పిన్నీ. ఇందులో గేమ్ ఉంది. గెలవడాలూ ఓడడాలూ ఏం లేవు. తిరగడమే. ఒక్కో చోట ఒక్కో బయోమ్ ఉంటుంది. అంటే అడవి, ఎడారి, మంచు, బురద..."

"సీమలన్నమాట."

"అదే అనుకో. ఇంకో తమాషా తెలుసా? మనం నడిచేకొద్దీ నేల పుడుతుంది. నువ్వు వెళ్లేదాకా అక్కడ ఏమీ ఉండదు."

"ఏమీ లేకపోవడం అంటే, చీకటిగా ఉంటుందా?"

"చీకటి కూడా ఉండదు పిన్నీ" అంది పిల్ల నవ్వుతూ. బ్రేకమ్మకి ఎందుకో నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే టీ తాగి ఆ లోకంలోకి దిగేది. అంతా చతురస్రపు దిమ్మలతో కట్టిన లోకం. చెట్టూ దిమ్మలే, మేఘమూ దిమ్మే, సూర్యుడు కూడా పలకలా నలుచదరంగా ఉంటాడు. దిమ్మని పగలగొట్టి చేతిలోకి తీసుకోవచ్చు, ఇంకో చోట పెట్టుకోవచ్చు. మొదట గడ్డిమైదానంలో నాలుగు గోడలు లేపుకుని, పక్కన దడి కట్టి గొర్రెల్ని తోలుకుంది. తరవాత తెల్లమానుల అడవి దాటింది. అందులో ఎటు చూసినా ఒకటే చెట్టు మళ్లీ మళ్లీ నిలబడినట్టుండేది. రోడ్డు మీద బతికిన మనిషి కాబట్టి దారి తప్పడం ఆవిడకి నామోషీ. మలుపు మలుపుకీ ఒక కొయ్య పాతి, దాని మీద కాగడా పెట్టుకుంటూ పోయింది.

అక్కడ మనిషనేవాడు లేడు. అడుగుల చప్పుడు తనదే, గాలి కూడా లేదు. ఒక్కోసారి ఎక్కడినుంచో పియానో మీద ఎవరో ఆలోచిస్తూ వేళ్లు పెట్టినట్టు నాలుగు స్వరాలు వినిపించి ఆగిపోయేవి. మొదట్లో ఆ నిశ్శబ్దం హాయిగానే ఉండేది.

ఎడారిలో ఒక తలుపు కనిపించేదాకా.

ఇల్లు లేదు, గోడ లేదు. ఇసకలో ఒంటరిగా ఒక చెక్కతలుపు నిలబడి ఉంది. ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. వెనకాలా ఇసకే. తెరిచింది, కిర్రుమంది, అవతలా ఇసకే. సాయంత్రం అక్క కూతురికి ఫోన్ చేస్తే, "అందులో పాత బావులూ పాడుబడ్డ ఇళ్లూ వాటంతటవే ఉంటాయి పిన్నీ, అలాంటిదే అయ్యుంటుంది" అంది.

మరి కొయ్యలు జరగడం ఏమిటి? తిరిగి వచ్చేటప్పుడు తను పాతిన కొయ్యలు తను పాతిన చోట లేవు. ఒక్కొక్కటీ కాస్త పక్కకి జరిగి ఉన్నాయి. వాటిని పట్టుకుని నడిస్తే ఇల్లు రాలేదు. అంతకుముందు ఎప్పుడూ చూడని మంచుసీమ అంచుకి చేరింది. నేను మర్చిపోయానులే, మందుల మత్తు అని సర్దిచెప్పుకుంది. మర్నాడు పొద్దున తెరిచేసరికి దడిలో ఉన్న తెల్లగొర్రెలన్నీ ముదురు నీలంగా ఉన్నాయి. అన్నీ ఒకే వైపు తిరిగి, మెదలకుండా, ఆవిడ వైపు చూస్తున్నాయి.

బ్రేకమ్మ ట్యాబ్ బోర్లా పెట్టేసి, దాని మీద దిండు కూడా పెట్టింది. కాసేపటికి తన మీద తనకే విసుగొచ్చింది. "ఇంత వయసొచ్చి గొర్రెలకి భయపడతావే" అని పైకే తిట్టుకుని, దిండు తీసింది.

ఆ రోజు పంతం పట్టి, జరిగిన కొయ్యల వెంబడే మంచుసీమలోకి వెళ్లింది. మంచు పొడిలా రాలుతోంది. తెల్లటి నేల మీద ఏ దిమ్మ ఎక్కడుందో తెలియడం లేదు. చాలాదూరం పోయాక ఎదురుగా ఒక కొండ కనిపించింది. దానికి సగం దాకా బట్ట కప్పి ఉంది.

బట్టే. ఉన్ని దిమ్మలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఎగుడుదిగుళ్లకి సరిపడా ఎక్కడా ముడత లేకుండా కప్పారు. నీలం, తెలుపు గళ్లు. ఆ నీలం తన గొర్రెల ఉన్నిదే. గడి తప్పలేదు. చెట్ల మీదినుంచి కూడా అలాగే తీసుకొచ్చారు. నిద్రపోతున్న మనిషికి నడుందాకా కప్పినట్టుంది. కాదు, నిద్రపోతున్న మనిషికి ముడత లేకుండా అలా కప్పరు, పోయిన మనిషికి కప్పుతారు. ఆ ఆలోచన రాగానే బ్రేకమ్మ తెర మీద వేలు ఆపేసింది. వెనక్కి తిరిగిపోదామనుకుంది. కాని ఆ గళ్లు ఎక్కడో చూసినట్టుంది. కొండ చుట్టూ నడవడం మొదలుపెట్టింది. బట్ట అంచు నేలని తాకే చోట, ఆ నీలం తెలుపుల మధ్య ఒకే ఒక్క ఎర్రదిమ్మ ఉంది.

ఆ గళ్లు అక్క కుట్టే యూనిఫారాలవే. తను కుట్టిన ప్రతి చొక్కాకీ అంచు లోపల అక్క ఒక ఎర్రకుట్టు వేసేది. ఎవరైనా తల్లి చిరిగిన చొక్కా పట్టుకుని గొడవకొస్తే అంచు మడతేసి చూసేది. "ఇది నాది కాదమ్మా" అనో, "నాదే, ఇలా ఇయ్యి" అనో తేల్చేసేది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

బ్రేకమ్మ వెంటనే అక్క కూతురికి ఫోన్ చేసింది.

"నీ కొత్త ట్యాబ్ ఎవరి దగ్గరుందే?"

"అమ్మ దగ్గర. ఎడంచేతికి కాస్త కదలిక ఉండాలని ఎక్సర్‌సైజులు చేయించే ఆయన చెప్పాడు. మధ్యాహ్నం షాపుకెళ్తూ ఒళ్లో పెట్టి వెళ్తాను. ఏం చేస్తుంది పాపం, రంగులు చూస్తూ కూర్చుంటుంది."

"అందులో కూడా ఈ గేమే ఉందా?"

"ఉంది. రెండూ నా అకౌంటుకే కదా, ఇద్దరికీ లోకం ఒకటే." అని, అప్పుడు తట్టినట్టుంది, పిల్ల చప్పున ఆగిపోయింది. "పిన్నీ... ఏం చూశావు నువ్వు?"

బ్రేకమ్మ మళ్లీ ఆ ఎర్రదిమ్మ వైపు చూసింది. "మీ అమ్మ కుడుతోందే" అంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ తినడం కూడా మరిచి ట్యాబ్ పట్టుకుని కూర్చుంది. మంచుసీమలో ఎవరూ లేరు. కొండకి అవతల బురదసీమ మొదలవుతుంది. నల్లటి నీళ్లు, నీళ్లలోకి జడల్లా వేలాడే తీగలు, ఆకుపచ్చటి మసక. అక్కడ మోకాలిలోతు నీళ్లలో ఒక మనిషిబొమ్మ అటు తిరిగి నిలబడి ఉంది. గేమ్‌లో తను నడిపే బొమ్మకున్న చొక్కానే, ఆ జుట్టే. గేమ్ మొదట్లో అందరికీ ఇచ్చే బొమ్మే, ఎవరూ మార్చుకోలేదు. ఆ సంగతి తెలిసీ, తన వీపు తనే చూస్తున్నట్టనిపించింది బ్రేకమ్మకి.

దగ్గరికి వెళ్తే అది కదిలింది. ఆగితే అదీ ఆగింది. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. అలా నడిపించుకుంటూ ఒక గుంట దగ్గరికి తీసుకెళ్లి, అందులోకి దిగింది. లోపల రాతిమెట్లు. అడుగున, పైనున్న ఆకుపచ్చటి మసక వెలుగు కూడా రాని చోట చిన్న గది ఉంది. బొమ్మ గదిలోకి వెళ్లి, ఇటు తిరిగి, వాకిలి ఉండాల్సిన చోట రాయి పెట్టేసుకుంది. కింద ఒకటి, పైన ఒకటి.

బ్రేకమ్మ పై రాయి పగలగొట్టింది. లోపల చీకట్లో ఆ మొహం కనిపించింది, అంతలోనే రాయి మళ్లీ వచ్చేసింది. మళ్లీ పగలగొట్టింది. మళ్లీ వచ్చింది. పగలగొట్టినకొద్దీ అటునుంచి రాయి ఇంకా తొందరగా పడుతోంది. "అక్కా! అక్కా, నేనే" అని ఆవిడ తన ఇంట్లో ఒంటరిగా అరిచింది. ట్యాబ్‌లో ఎంత అరిస్తే ఎవరికి వినిపిస్తుంది?

మర్నాడు టాక్సీ చేయించుకుని బయల్దేరింది. మేడ మొదటి మెట్టు దగ్గర చంకకర్రలు అక్క కూతురికిచ్చి, మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుంది. చేతుల మీద బరువేసి ఒక్కో మెట్టూ వెనక్కి జరుగుతూ మూడంతస్తులూ ఎక్కింది. "డాక్టరు చూస్తే నన్ను చంపేస్తాడు పిన్నీ" అని పిల్ల గోల. "వాడి కాలా నా కాలా? నోరుమూసుకుని కర్రలు పట్టు" అని ఈవిడ కేకలు.

అక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్లో దిండు, దిండు మీద ట్యాబ్. మొహం ఎప్పటిలాగే రాయిలా ఉంది. ఎడంచేతి వేలు మాత్రం కదులుతోంది. ఎంత వడిగా, ఎంత తడుముకోకుండా కదులుతోందంటే, ఆ వేలికీ ఆ మొహానికీ సంబంధం లేదేమో అనిపించింది. తెర వెలుగు పడి అక్క కళ్లలో చిన్నచిన్న చతురస్రాలు మెరుస్తున్నాయి. కూతురు గుమ్మంలోనే నిలబడిపోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బ్రేకమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్క మొహంలోకి చూడలేదు. తన ట్యాబ్ తెరిచి, బురదసీమకి వెళ్లి, మెట్లు దిగి, మూసిన గది ముందు ఆగింది.

"గోడ జోలికి రానులే. ఇక్కడే కూర్చుంటా" అంది మెల్లిగా.

కాగడా ఒకటి నేలకి గుచ్చి నిలబడింది. పక్కన అక్క ఊపిరి బరువుగా వినిపిస్తోంది. తెర మీద గుహలో ఎక్కడో నీటిచుక్క పడుతోంది. అవతల కూతురు టీ పెట్టింది, అది చల్లారింది. ఆ తరవాత అక్క వేలు ఒకసారి తెరని నొక్కిపట్టింది. గోడలో పై రాయి పోయింది. ఆ కంతలోంచి ఆ మొహం బ్రేకమ్మని చూసింది. కుర్చీలో ఉన్న అక్క మాత్రం తల తిప్పలేదు.

"కొండని ఎందుకే అలా కప్పావు?" అని అడగాలనుకుంది. అడగలేదు. అడిగినా చెప్పే నోరు లేదు, వినే ధైర్యం తనకీ అంతగా లేదు.

కాసేపటికి కింద రాయి కూడా పోయింది. బొమ్మ బయటికొచ్చి, ఈవిడని దాటుకుని మెట్లెక్కింది. బ్రేకమ్మ వెనకే వెళ్లింది. మంచుసీమకి చేరాక అక్క సగంలో ఆగిన బట్ట దగ్గర నిలబడి, నీలం ఉన్ని కొంత నేల మీద పడేసింది. తీసుకో అన్నట్టు. చిన్నప్పుడు గుండీలు కుట్టమని తన ముందు పడేసినట్టే పడేసింది. బ్రేకమ్మ ఒక గడి తప్పు పేర్చింది. అక్క దాన్ని ఊడదీసి సరిగ్గా పెట్టింది.

అక్కకి మాట తిరిగి రాలేదు. కుడిచెయ్యీ రాలేదు. డాక్టరు ఆ వేలిని చూసి సంతోషించాడే గాని, లోపల మనిషి ఎంత ఉందో చెప్పలేనన్నాడు. బ్రేకమ్మ కట్టు విప్పారు. కాలు అతికింది గాని మునుపటి పట్టు రాలేదు. బ్రేకు తొక్కే కాలు అలా అయ్యాక ఒకరి ప్రాణం మీదికి తేవడం ఎందుకని, కారు వదిలేసి ఆఫీసులో రోడ్డు గుర్తుల క్లాసు చెప్పడానికి ఒప్పుకుంది. సెలవు దొరికిన మధ్యాహ్నమల్లా మూడంతస్తులు కుంటుకుంటూ ఎక్కుతుంది.

కొండ నిండా కప్పేశారు. తరవాత పుట్టగొడుగుల సీమ దాటారు. గొడుగులన్నీ ఇళ్లంత ఎత్తున ఉన్నాయి, వాటి కింద నేల బూడిదరంగు. అక్క అక్కడ దేన్నీ ముట్టుకోలేదు, ఆగనూ లేదు. దాని అవతల సముద్రం. అక్క పడవ చేసి నీళ్లలో వేసింది. ముందు తను కూర్చుంది, బ్రేకమ్మ వెనక ఎక్కింది.

మొన్న అలా పోతుండగానే కుర్చీలో అక్క తల ఒక పక్కకి వాలింది. బ్రేకమ్మ గాబరాగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. నిద్ర. తెర మీద పడవ నడిసముద్రంలో ఆగిపోయింది. ఎటు చూసినా నల్లటి నీళ్లే, వాన మొదలైంది. ముందు కూర్చున్న బొమ్మ వీపు నిటారుగా, కదలకుండా ఉంది. ఆపేసి లేవచ్చు. బ్రేకమ్మ లేవలేదు. అక్క భుజం మీద దుప్పటి సర్ది, ఆ వీపు వైపే చూస్తూ కూర్చుంది.