గట్టిమేళంలో గిటార్

ఆ రోజుల్లో మా కొత్తపేటలో గిటార్ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరికి ఒక్కడే కళాకారుడు ఉంటే గొప్పవాడూ వాడే, పనికిమాలినవాడూ వాడే. మొదటిది నేను నమ్మేవాణ్ణి, రెండోది మా నాన్న నమ్మేవారు. ఇన్నేళ్ల తరవాత చూసుకుంటే ఇద్దరి మాటలోనూ నిజం ఉందనిపిస్తుంది (నా మాటలో కాస్త తక్కువ).

గిటార్ తెచ్చింది కాకినాడ రేవులో పనిచేసే మా మేనమామ. ఎవరో ఓడ మనిషి వదిలేసుకుంటే తీసుకున్నాడట. దానితోపాటు ఒక రికార్డు వచ్చింది. ఒకవైపు ఒక స్పెయిన్ ఆయన, రెండోవైపు ఒక ఇటలీ ఆయన రాసిన గిటార్ కాన్‌చెర్టోలు. అంటే ఒకపక్క ఒంటరి గిటార్, మరోపక్క వయొలిన్లూ బాకాలూ నిండిన ఆర్కెస్ట్రా, ఇద్దరూ మాట్లాడుకోవడం. గిటార్‌ది చిన్న గొంతు కాబట్టి పూర్వం చాలామంది దాన్ని అంతమంది ఎదుట నిలబెట్టడానికి జంకారనీ, ఈ శతాబ్దంవాళ్లు మళ్లీ ధైర్యం చేశారనీ అట్ట వెనక రాసి ఉంది. వాళ్ల కిటుకు నాకు వినగా వినగా అర్థమైంది. గిటార్ నోరు విప్పగానే ఆర్కెస్ట్రా వాళ్లంతా గొంతు తగ్గిస్తారు. స్పెయిన్ ఆయన దాంట్లో అయితే, రెండో భాగంలో ఒకచోట పూర్తిగా ఆగిపోతారు, గిటార్ ఒక్కటే తనలో తను మాట్లాడుకుంటుంది. ఇంట్లో అందరికంటే ఆఖరివాడిగా పుట్టి, నోరు విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడ్డం పడుతుంటే పెరిగిన నాకు ఆ మర్యాద చాలా నచ్చింది.

డిగ్రీ అయ్యాక మద్రాసు వెళ్లి గిటార్ నేర్చుకుంటానన్నాను. అంబాజీపేటలో మా పెదనాన్న కొబ్బరి మండీలో కూర్చోమన్నారు నాన్న. వారంపాటు భోజనాల దగ్గర వాదించుకున్నాక ఆయనే ఒక దారి చెప్పారు.

"హైస్కూలు వార్షికోత్సవంలో వాయించరా. నేను ఆఖరి బల్ల మీద కూచుంటాను. అక్కడికి వినబడితే మద్రాసు. వినబడకపోతే మండీ."

"మైకు పెట్టుకోవచ్చా?"

"మైకు పెడితే నేను దగ్గినా వినబడుతుంది. అందులో నీ గొప్పేంటి?"

ఆ స్పెయిన్ ఆయన కాన్‌చెర్టోనే వాయించాలనుకున్నాను, ఇక ఆర్కెస్ట్రా కావాలి. పాటల పంతులుగారి వయొలిన్, భజన సమాజం హార్మోనియం దొరికాయి. బాకాలకీ డ్రమ్ములకీ బదులు, చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ వాయించే డోలు తాతనూ, సన్నాయి ఊదే ఆయన అల్లుడినీ బతిమాలాను. నా రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయి కాబట్టి అందరికీ సైగలు చేసే పని మా బావ తీసుకున్నాడు. బావ అదే స్కూల్లో డ్రిల్లు మాస్టారు. విజిల్ వేస్తానన్నాడు, వద్దన్నాను. నేను ఒంటరిగా వాయించాల్సిన చోటు రాగానే బావ కుడిచేతి చూపుడువేలు పైకెత్తాలని, అది చూసి అందరూ ఆగిపోవాలని పెట్టాను. ఆ ఏర్పాటు పూర్తిగా నాదే.

బావ వాళ్ల అరుగు మీద రిహార్సల్స్ బ్రహ్మాండంగా జరిగాయి. "వేలెత్తితే ఆపెయ్యాలి తాతా," అనేవాణ్ణి. "ఆయ్, ఆపెయ్యడవే కదండీ అబ్బాయిగారూ," అనేవాడు డోలు తాత. చెప్పినట్టే ఆపేవాడు కూడా. కాకపోతే ఆపినప్పుడల్లా ఆయన చేతులు డోలు మీద చిన్నగా వణికేవి. వయసనుకున్నాను.

వార్షికోత్సవం నాడు హాలు నిండింది. ఆఖరి బల్ల మీద నాన్న, చేతులు కట్టుకుని. రెండో భాగం మొదలైంది. వయొలిన్ మీద పంతులుగారు కళ్లు మూసుకున్నారు. నేను ఎదురుచూసిన చోటు వచ్చింది. బావ వేలెత్తాడు. అందరూ ఆగారు. నేను తీగె మీద వేలు వేశాను. సరిగ్గా అప్పుడే ముందువరసలో కూర్చున్న ముఖ్య అతిథిగారు తుమ్మారు.

పెళ్లిపీటల దగ్గర పురోహితుడు ఎత్తినట్టే ఎత్తిన వేలు, దానికి తోడు ఒక తుమ్ము. జీవితమంతా ఆ రెంటి కోసమే కాచుకున్న చేతులు ఇక ఆగలేదు. గట్టిమేళం మొదలైంది. బావ కంగారుపడి వేలు ఇంకా పైకెత్తాడు. డోలు ఇంకా జోరందుకుంది. మునివేళ్ల మీద లేచి రెండు చేతుల వేళ్లూ ఎత్తాడు. సన్నాయి ఆకాశానికంటింది. ఆడవాళ్ల వరసలో కునుకు తీస్తున్న పెద్దావిడ ఒకరు ఉలిక్కిపడి లేచి, "అప్పుడే కట్టేసేడేంటమ్మా, అక్షింతలు ఇటివ్వండి," అని పక్కావిణ్ణి అడిగారు. చివరికి బావ జేబులోంచి విజిల్ తీసి ఊదాడు. మేళం ఆగింది గాని, హాల్లో ఉన్న పిల్లలందరూ లేచి వరసలు కట్టారు.

తెర వెనక నేను డోలు తాతతో అనకూడని మాట అన్నాను. "మీకు పెళ్లిళ్లు తప్ప ఇంకేం తెలీదు," అన్నాను. ఆయన డోలుకి గుడ్డ కప్పుతూ, "నిజవేనండి. తాళి కట్టేటప్పుడు తుమ్ము ఎవరి చెవినా పడకూడదని మా నాన్న నేర్పేడండి. ఇయ్యాల కూడా పడలేదండి," అన్నాడు. తప్పు ఎవరిదో ఆ మాటతోనే తెలిసింది. ఆ వేలు వాళ్లకి ఏమిటో నేను అడగనే లేదు. తెలిసినా తప్పు ఒప్పుకోకుండా గిటార్ తీసుకుని బయటికొచ్చేశాను.

నాన్నా నేనూ ఇంటికి బయల్దేరాం. మలుపు దగ్గర ఆయన, "వినబడిందిరా," అన్నారు. నేను ఆగాను. "డోలు," అన్నారు.

మండీలో కూర్చున్నాను. కొన్నేళ్లకు నా పెళ్లి అయింది. మేళం డోలు తాతదే. ముహూర్తం రాగానే పురోహితుడుగారు వేలెత్తారు. మేళం మోగలేదు. మంగళసూత్రం పట్టుకుని నేనూ, తల వంచుకుని మా ఆవిడా, అంతా నిశ్శబ్దం. డోలు తాత నా వైపే చూస్తూ ఎంతో వినయంగా అడిగాడు.

"అబ్బాయిగారూ, ఇప్పుడు ఆపాలాండి, కొట్టాలాండి?"

పందిరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మా నాన్న. "కొట్టు తాతా. ఆ రోజు నాదే తప్పు," అన్నాను. రెండో మాట తాతకి వినబడిందో లేదో తెలియదు, అప్పటికే మేళం అందుకుంది.

ఆ రికార్డు అరిగిపోయింది. మా అబ్బాయి అదే సంగీతం క్యాసెట్టు మీద తెచ్చిచ్చాడు. మధ్యాహ్నాలు వింటుంటాను. రెండో భాగంలో ఆ చోటు రాగానే ఆర్కెస్ట్రా ఆగిపోతుంది. ఎంతో గొప్పవాడు, ఎంతో బాగా, ఒంటరిగా వాయిస్తాడు. నేను మాత్రం చెవులు రిక్కించి తుమ్ము కోసం చూస్తుంటాను. ఎవరూ తుమ్మరు. ఆ కాసేపూ ఏదో వెలితిగా ఉంటుంది.