జంపఖానా వెనక వైపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోవాళ్లు అంటారు, సంఘంలోవాళ్లు అంటారు, ఆఖరికి కూరగాయల బండి ఆయన కూడా అంటాడు. కాదనను. కానీ ఆ రోజు కమిటీ మీటింగులో వచ్చినది మాత్రం పనికొచ్చిన కోపం. అది రాకపోయుంటే మా దుకాణం ఈపాటికి హైదరాబాదువాళ్ల చేతిలో ఉండేది.

మాది వరంగల్లో ఒక చర్చి మహిళా సంఘం. చర్చి పక్క షెడ్డులో మా ఆడవాళ్లు మగ్గాల మీద నూలు జంపఖానాలు నేస్తారు. వాటిని పక్క గదిలో పెట్టి అమ్ముతాం. నేసినవాళ్ల కూలి పోగా మిగిలింది ఏటూరునాగారం వైపు అడవి ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే ఆడపిల్లల హాస్టలుకు వెళ్తుంది. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక నన్ను ఈ సంఘానికి కార్యదర్శిని చేశారు.

ఆ గది అక్కది. నాకు సొంత అక్క కాదు, అందరికీ అక్కే. భుజం పట్టేసి మగ్గం ముందు కూర్చోలేకపోయినప్పటి నుంచి అమ్మకమంతా ఆమే చూస్తుంది. గది తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరుగుతుంది, పెళ్లికి వెళ్లినా సరే. ఆమె అమ్మే తీరే వేరు. ఎవరొచ్చినా జంపఖానాను ముందు బోర్లా పరుస్తుంది. పోగు తెగి ముడేసిన చోట్లు, రంగు కాస్త మారిన చోట్లు వేలు పెట్టి మరీ చూపిస్తుంది. ఆ తర్వాతే మంచి వైపు తిప్పుతుంది. "ముందుగాల ఎనుక దిక్కు సూస్కోన్రి. ఇంటికి పోయినంక నన్ను తిట్టుకోవద్దు" అంటుంది. మా దగ్గర మొదటి నుంచీ ఇదే పద్ధతి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వ్యాపారుల దగ్గర మిగిలిపోయిన నూలు తెచ్చుకుని నేస్తాం కాబట్టి మా జంపఖానాల్లో ఒకదానిలా ఇంకొకటి ఉండదు.

ఆ మీటింగులో మా కోశాధికారి సారు ఆన్‌లైన్ దుకాణం మాట ఎత్తారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసిన మనిషి, మంచివారే, కాకపోతే తాను అనుకున్నది అయిపోయినట్టే మాట్లాడతారు. గదికి వచ్చేవాళ్లు తగ్గిపోయారన్నది నిజం. ఆన్‌లైన్లో అమ్మాలన్నదీ నిజం. అక్కడిదాకా నేనూ తలూపాను. ఆ తర్వాత ఆయన హైదరాబాదు కంపెనీ ఒకదాని సంగతి చెప్పారు. వాళ్లే అంతా తయారుచేస్తారట, పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉంటుందట, నడపడానికి వాళ్లే ఒక మనిషిని పెడతారట.

"అక్క కూడా పెద్దదైంది, ఇంగ్లీషు రాదాయె. ఇగ జర రెస్ట్ తీస్కోనియ్యున్రి" అన్నారు.

అక్క అప్పుడే చాయ్ కప్పులు అందిస్తోంది. ఆమె చెయ్యి కొంగున ఉన్న తాళంచెవి మీదికి పోయింది. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అక్కకు ఇంగ్లీషు రాకుంటే తెలుగుల ఉన్నదే తెద్దాం సారూ. వచ్చే మీటింగుదాక ఆగున్రి" అన్నాను.

"తెలుగుల యాడ ఉంటదమ్మా గిసువంటిది?" అని ఆయన నవ్వారు. నాకు ఆ నవ్వు చాలు.

మర్నాటి నుంచి మా ఇంట్లో వంట ఒక పూటే. ప్రశ్నపత్రాలు టైపు చేయడానికి నేర్చుకున్న కంప్యూటరు తప్ప నాకు వేరే విద్య లేదు. చూడగా చూడగా అర్థమైంది ఏమిటంటే, ఆన్‌లైన్ దుకాణానికి కొనేవాళ్లు చూసే వైపు ఒకటి, నడిపేవాళ్లు పనిచేసే వైపు ఒకటి ఉంటాయి. ఫొటో పెట్టడం, ధర మార్చడం, అమ్ముడైంది తీసేయడం, అన్నీ ఆ రెండో వైపు నుంచే. దానికే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం అని పెద్ద పేరు. అలాంటివి బజారులో కావలసినన్ని ఉన్నాయి. ప్రతివాడూ తళతళలాడే దుకాణం బొమ్మ చూపించి కొనమంటాడు. నేనూ ఆ బొమ్మలు చూసి మురిసిపోయి అక్కను పిలిచి చూపించాను.

అక్క కళ్లజోడు సర్దుకుని చూసింది. "మంచిగనే ఉన్నది. ఎనుక దిక్కు సూపియ్యి" అంది.

నిజమే కదా! రోజూ ఈవిడ కూర్చోవలసింది ఆ వెనక వైపే. అప్పటి నుంచి ముందు వైపు చూడటమే మానేశాం. ఒకదాన్ని తెరవడం, నేరుగా వెనక్కి వెళ్లడం, అక్క చేతికి ఇవ్వడం. ఒకటి ఫోనులో సరిగ్గా కనబడలేదు. ఇంకొకటి నిండా ఇంగ్లీషే. మరొకటి ఫొటో ఒక్కటే పెట్టనిస్తుంది. చివరికి ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగినది ఒకటి దొరికింది. సెట్టింగుల్లో భాష మార్చగానే చాలావరకు తెలుగైపోయింది. ఎవరు తెలుగు చేశారో గానీ చల్లగా ఉండాలి. కొన్ని మాటలు మరీ గ్రాంథికంగా ఉండి అక్కకు నవ్వు తెప్పించాయి. "గిది పాస్టరు అయ్యగారి ప్రసంగం లెక్కనే ఉన్నదే" అని నవ్వుతూనే నేర్చుకుంది. మొదట్లో ఒక జంపఖానాను పెట్టబోయి చెరిపేసింది, ధర గడిలో ఫోన్ నంబరు వేసింది. నేను గట్టిగా అరిచాను. ఆమె నాకంటే గట్టిగా అరిచింది. అలా అలా వచ్చేసింది.

తర్వాతి మీటింగు ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టారు. కంపెనీ తరఫున ఒకాయన ల్యాప్‌టాపుతో వచ్చాడు. ఆయన చూపించిన దుకాణం నిజంగానే అందంగా ఉంది. అందరూ నోరెళ్లబెట్టారు. అప్పుడు నేను, మగ్గం మీద నుంచి కొత్తగా దిగిన నీలం, పసుపు చారల జంపఖానాను బల్ల మీద పరిచాను.

"దీన్ని మీ దుకాణంల ఇప్పుడే పెట్టున్రి" అన్నాను.

"ఈ డిజైన్‌వి ఎన్ని పీసులున్నాయి మేడం?"

"ఒక్కటే."

ఆయన ఒక్కో పీసుకు ఒక్కో పేజీ అంటే కష్టమన్నాడు. ఫొటో పంపితే ఆఫీసులో చూసి రెండు మూడు రోజుల్లో పెడతామన్నాడు. ఆయన ఇంకా చెబుతుండగానే అక్క ఫోను తీసి టకటకా ఫొటోలు కొట్టి, పేరు పెట్టి, ధర వేసి, సంఖ్య దగ్గర ఒకటి వేసి, ప్రచురించు అన్న చోట నొక్కింది.

"అయింది" అంది.

కోశాధికారి సారు నేను పంపిన లింకును తన ఫోనులో తెరిచి చూశారు. "ఏందక్కా, తిరగేసి పెట్టినవ్? మొదటి ఫొటోల ముడులు కనపడ్తానయ్" అన్నారు.

"మనం అమ్మేది గట్లనే గద సారూ. ఆన్‌లైనైతే మాత్రం దాస్తమా?"

సారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. పెట్టడం సరే, కొనడానికి వస్తుందో రాదో చూద్దామని కొనే గుర్తు మీద నొక్కారు. అలవాటు చొప్పున పిన్ను కూడా కొట్టేశారు. డబ్బులు సంఘం ఖాతాలోకి వచ్చి పడ్డాయి. మరుక్షణం దుకాణంలో ఆ జంపఖానా కింద నిల్వ లేదు అని వచ్చింది.

"అయ్యో, అది నేను తీసుకుందామనుకున్న!" అని అయ్యగారి భార్య కుర్చీలోంచి లేచారు. వెనక నుంచి ఇంకెవరో తాను ఎక్కువ ఇస్తానన్నారు. చర్చిలో కోతల పండుగనాడు గుమ్మడికాయ కోసం జరిగే వేలంపాటలా గదంతా గోల.

"ఊకె టెస్టింగ్ చేసిన, వాపస్ చేయున్రి" అన్నారు సారు.

"కొన్నరు కద సారూ, ఇగ మీదే" అంది అక్క. జంపఖానాను ఆయన ముందు బోర్లా పరిచి, ముడులు ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించి, మంచి వైపు తిప్పి, మడిచి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు నిమిరారు. తర్వాత, "అక్కనే నడపనియ్యున్రి" అన్నారు. చేతులన్నీ లేచాయి. నా చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను, చర్చి ఆవరణ అని కూడా చూడలేదు.

అందరూ వెళ్లాక ఒక పని మిగిలింది. నేను తాత్కాలికంగా పెట్టిన పాస్‌వర్డు మార్చి అక్కను సొంతది పెట్టుకోమన్నాను. ఆమె ఫోను పట్టుకుని, ఒక అక్షరం నొక్కబోయి ఆగి, నా వైపు చూసింది.

"నువ్వు జర అటు తిరుగు" అంది.

తిరిగాను.