కారు షెడ్డులో నాన్న ఉలి

మా కారు ఇప్పుడు వీధిలో ఎండకి ఎండుతోంది. షెడ్డులో నేనున్నాను. ఏలూరులో మా వీధి వాళ్ళకి ఇదొక వేడుక. సాయంత్రం నడకకి వెళ్ళే ఎదురింటాయన గేటు దగ్గర ఆగి, "ఏవండీ ఆఫీసరుగారూ, మాకూ ఓ కుర్చీ చేసి పెడతారేంటండీ?" అని నవ్వుకుంటూ పోతాడు. ఆఫీసులో వాళ్ళేమో "మంచి హాబీ సార్" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్న తాడేపల్లిగూడెంలో బతికినన్నాళ్ళూ చేసింది ఈ వడ్రంగమే. అప్పుడు దాన్ని ఎవరూ హాబీ అనలేదు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా తక్కువే, "ఏమోయ్" అంటే సరిపోయేది.

నన్ను నాన్న ఉలి ముట్టుకోనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే చేతిలో ఉన్న బద్దతోనే ఒక్కటిచ్చేవాడు. "నీకెందుకురా ఇది? పుస్తకం తియ్యి" అనేవాడు. ఇద్దర్నీ చదివించే స్తోమత లేదు. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన అన్నయ్యని ఎనిమిదో తరగతిలో మాన్పించి చిత్రిక చేతికిచ్చాడు. నిజానికి చదువులో అన్నయ్యే నాకంటే చురుకు. ఆ సంగతి నాన్నకీ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంట్లో దాని గురించి ఎవరమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది, ప్రమోషన్లు వచ్చాయి, యాభై దాటాయి. ఒకరోజు ఫోన్లో ఎవరో చెక్క మీద చిత్రిక పడుతుంటే చూశాను. పల్చగా చుట్టలు చుట్టుకుంటూ లేచే పొట్టు చూడగానే మా పాత వసారా గుర్తొచ్చి సిగ్గు లేకుండా ఏడ్చాను. వారం తిరక్కుండా డ్రిల్లు, గ్రైండరు, కోత మిషను తెప్పించాను. మొదట చేసిన స్టూలు కూర్చుంటే కుంటింది. మా ఆవిడ దాని మీద పూలకుండీ పెట్టి నా పరువు కాపాడింది.

అప్పుడు అన్నయ్యకి ఫోన్ చేశాను. తలుపులన్నీ షోరూముల్లో దొరికే కాలం వచ్చి అప్పటికే అన్నయ్య కొట్టు మూతపడింది. కొల్లేరు వైపు ఎవరిదో చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. పగలంతా గట్టు మీద డబ్బా వాయిస్తూ పక్షుల్ని తోలడమే పని. నేను వడ్రంగం నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆ ఆదివారం బస్సెక్కి వచ్చాడు. దగ్గరికి వస్తే చెక్క వాసన లేదు, చేపలకి వేసే తవుడు వాసన కొట్టింది. సంచీలోంచి గుడ్డలో చుట్టిన ఉలి తీసి నా చేతిలో పెట్టాడు.

అది నాన్న ఉలి. నూరీ నూరీ సగానికి అరిగిపోయింది. పిడి మీద నాన్న బొటనవేలు ఆనేచోట చిన్న గుంట పడి ఉంది.

"చెరువు మీద దీంతో నాకేం పనుంది? నీ దగ్గరుంటే చెక్క మొహమన్నా చూస్తుంది" అన్నాడు. "ఒక్కటే చెప్తున్నా. దీన్ని ఆ గ్రైండరు మీద మాత్రం పెట్టకు. రాయి మీదే నూరు. ఓపిక లేని రోజు పక్కన పెట్టెయ్."

అలాగే అన్నాను. ఆ రోజు నుంచీ నాకు ఒకటే కోరిక. ఎప్పుడో ఒకప్పుడు అన్నయ్య నా పని చూసి, "నువ్వూ నాన్న కొడుకువేరా" అనాలి.

దసరాకి మా ఇంట్లో పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, పీట మీద వరసగా పేర్చి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఆ రోజు దేంతోనూ పని చెయ్యకూడదు. ఈసారి పూజ మా షెడ్డులోనే అన్నాను, వస్తానన్నాడు. ఆ పీట నా చేత్తో చేసి చూపించాలని పంతం పట్టాను. పండగ ముందురోజు, పీట కాళ్ళు దిగే గాడి తొలుస్తుంటే ఉలి మొద్దుబారింది. రాయి మీద నూరితే గంట పడుతుంది. నా బుద్ధి గడ్డి తిని గ్రైండరు మీద పెట్టాను. రవ్వలు లేచాయి. చూస్తుండగానే మొన దగ్గర ఉక్కు వేడికి గట్టితనం పోయి నీలంగా తిరిగిపోయింది. తర్వాత మొదటి దెబ్బకే మొన మడత పడింది. మిగతా పని కొత్త ఉలితో ముగించి, నాన్న ఉలిని సొరుగులో పడేశాను.

మర్నాడు అన్నయ్య అరటిపళ్ళు, బంతిపూలు పట్టుకొచ్చాడు. వంగి పీటని అటూ ఇటూ కదిపి చూశాడు. కదల్లేదు. "బాగా కుదిరిందిరా" అన్నాడు. నా గుండె నిండిపోయింది. వెంటనే, "నాన్న ఉలేదీ?" అన్నాడు.

"ఎక్కడో పెట్టాను."

"పండగ పూట పనిముట్టు ఎక్కడో పెట్టడమేంట్రా?"

ఏమీ తెలియని మా ఆవిడ, "సొరుగులో ఉంది బావగారూ" అంటూ తెచ్చిచ్చింది. అన్నయ్య మొన మీద గోరు ఆనించి చూశాడు. "నీలం తిరిగినంత మేరా అరగదీసెయ్యాలి. ఇంక మిగిలేదేముంది" అన్నాడు, చాలా మెల్లిగా. తిట్టినా బావుండేది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ సిగ్గులోంచి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఒక్క ఉలికి అంత మొహం పెడతావేంటన్నయ్యా? కొత్తది కొనిస్తాలే."

అన్నయ్య నా వైపు చూశాడు. "ద్వారబంధం రోజునా ఇలాగే మాట్లాడావు."

ఈ ఇల్లు కట్టినప్పటి మాట అది. మా వైపు సింహద్వారం నిలబెట్టిన రోజు, అది చేసిన వడ్రంగికి తాంబూలంతో కొత్త బట్టలు పెట్టాలి. నేను అన్నయ్య చేత చేయించకుండా ద్వారం షోరూములో కొన్నాను. రెడీమేడ్ అయితే తొందరగా అయిపోతుందన్నయ్యా అని చెప్పాను. శుద్ధ అబద్ధం. మా పైఆఫీసర్లు వస్తున్నారు. వాళ్ళ ముందు నా సొంత అన్న వడ్రంగిగా బట్టలు పుచ్చుకోవడం నాకు నామోషీ అనిపించింది. షోరూము మనిషికి అందరి ముందూ బట్టలు పెట్టాను. అన్నయ్యకి తర్వాత పెట్టాను, లోపలి గదిలో, ఎవరూ లేకుండా చూసి.

"ఆ రోజు సంచీతో వచ్చాన్రా. ఇదే ఉలి నూరుకుని. మొత్తం కాకపోయినా, చివర్లో ఓ దెబ్బ కొట్టమంటావేమో అనుకున్నాను. తమ్ముడింటికి ద్వారం నేను పెడతానని నాన్నతో అనేవాణ్ణి."

అన్నయ్య పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టాడు, గ్రైండరుకి కూడా. నాన్న ఉలిని గుడ్డలో చుట్టి సంచీలో వేసుకున్నాడు. భోంచేసి వెళ్ళమని మా ఆవిడ బతిమాలితే, "చెరువు మీద ఎవరూ లేరమ్మా" అన్నాడు.

చెప్పుల కోసం ఇంట్లోంచి వీధి గుమ్మం వైపు వెళ్తే ఆ షోరూము తలుపు రాలేదు. వానలకి ఉబ్బి ఏటా ఇంతే. అన్నయ్య అలవాటుగా అంచు మీద అరచెయ్యి రాశాడు. "కింద పట్టేస్తోంది. రెండు సార్లు చిత్రిక పడితే చాలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "నువ్వే పట్టిపెట్టవా అన్నయ్యా? ఇవాళ కాదులే, మళ్ళీ వచ్చినప్పుడు."

"నీకొచ్చుగా ఇప్పుడు" అన్నాడు. భుజంతో కాస్త ఎత్తి, తలుపు లాగి, వెళ్ళిపోయాడు.

ఆ తలుపు మీద నేను చెయ్యి వెయ్యలేదు. అన్నయ్య వస్తే చేస్తాడని అలాగే ఉంచాను. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంటాడు. ఈలోగా వానలు వెళ్ళి చలి వచ్చింది. చెక్క ఎండి, తలుపు దానంతటదే సర్దుకుంది. ఇప్పుడు హాయిగా పడుతోంది. అన్నయ్యని పిలవడానికి నాకు ఆ వంక కూడా లేకుండా పోయింది.