మా ఊరి ఎర్రటి రాత్రి

మా చిన్నప్పుడు జంషెడ్‌పూర్‌లో రాత్రి ఎర్రగా ఉండేది...

నవ్వకండి, నా కళ్లజోడు బాగానే ఉంది. చీకటి పడ్డాక ఉక్కు కంపెనీవాళ్లు ఫర్నేసులోంచి వచ్చిన మరిగే మడ్డిని బండ్లలో తెచ్చి గుట్ట మీద నుంచి ఒంపేవారు. సగం ఆకాశం నిప్పురంగుకి తిరిగేది. మాకు తెలిసిన రాత్రి అదే.

నాకప్పుడు ఆరేళ్లు. అగ్రికో కాలనీలో మా పక్క క్వార్టర్ సువార్తమ్మత్త వాళ్ల తెలుగు చర్చిలో, క్రిస్మస్ ముందు కళల పండగ పెట్టారు... పాటలు, నాటికలు, పిల్లలకి బొమ్మల పోటీ. మేము చర్చివాళ్లం కాదు. అయినా పని సాయానికి అత్త పిలిస్తే అమ్మ కాదనలేదు. నన్నొక్కదాన్నే వదిలితే ఇల్లు మిగలదని వెంట తీసుకెళ్లింది.

అమ్మకి అప్పగించిన పని రంగులు పంచడం. సగం అరిగిన క్రేయాన్లు సత్తు పళ్లెంలో పోసుకుని పిల్లలందరికీ పంచింది. నా వంతు వచ్చేసరికి ఎరుపు అయిపోయింది. వడ్డించే ఆవిడ కూతురికి ఎప్పుడూ అడుగంటినదే కదా! నేను మూతి ముడిస్తే, "ఉన్నదాంతో గియ్యే" అంది.

బేత్లెహేములో రాత్రి గీయమన్నారు. ఒళ్లు మండి ఆకాశమంతా నీలం పులిమేశాను...

తీర్పు చెప్పడానికి కాకినాడ నుంచి ఒక డ్రాయింగు మాస్టారు ఆ పొద్దున్నే రైలు దిగారు. సాయంత్రం బొమ్మలన్నీ చూసి తల పట్టుకున్నారు.

"ఇదేమిటమ్మా, రాత్రి గీయమంటే అందరూ పొద్దుగుంకడం గీశారు! ఈ ఒక్క పాపకే విషయం అర్థమైంది. ఫస్టు ఈ పాపకే."

ఆ పాప నేనే. బహుమతి కొత్త రంగుల పెట్టె. నేను మనసులో దాన్ని అప్పటికే ఇంటికి తీసుకెళ్లిపోయాను...

అమ్మ నావైపు ఒక్కసారి చూసింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఒక్క రవ్వ ఆగండి మాస్టారూ. టీ తాగండి. చీకటి పడ్డాక బయటికొచ్చి చూద్దురుగాని."

సువార్తమ్మత్త అమ్మ మోచెయ్యి గిల్లింది. "నీకేటే, పిచ్చా? నీ కూతురికి ఫస్టొత్తంటే నోటికాడ కూడు నువ్వే లాగేత్తావేటి?"

"పిల్లలు కళ్లతో చూసిందే గీసారు కదొదినా. ఆళ్లది తప్పంటే ఎలగ ఊరుకుంతాను?"

"అయితే మా చర్చిలో చేరిపో. నీలాటోళ్ల కోసమే ఎతుకుతున్నాం" అని అత్త విసుక్కుంది.

మాస్టారి రెండో గ్లాసు టీ సగంలో ఉండగా ఆకాశం భగ్గుమంది. ఆయన వరండాలోకి పరుగెత్తి, "అయ్యో, ఎక్కడో అంటుకుందమ్మా!" అన్నారు. పిల్లలమంతా పకపకా నవ్వాం. ఆ వెలుగులో ఆయన తెల్లచొక్కా, చర్చి గోడ, మా మొహాలు... అన్నీ ఎరుపే. ఆయన లోపలికెళ్లి బొమ్మలన్నీ మళ్లీ పరిచారు.

రంగుల పెట్టె ఎదురువీధి ఒడియా పిల్లకి వెళ్లింది... గొర్రెల వీపుల మీద కూడా ఎరుపు వేసిందా పిల్ల. నాకు ఒక బిస్కట్ల పొట్లం ఇచ్చారు.

ఇంటికెళ్తూ దారంతా నేను అమ్మ చెయ్యి పట్టుకోలేదు. "నేను నీ కూతుర్ని కాదా?" అని నిలదీశాను.

"కూతురివి గనకే ఏడిపించానే. ఊరోళ్ల పిల్లల్ని ఏడిపిత్తే ఊరుకుంతారేటి?"

ఆ న్యాయం ఆరేళ్ల బుర్రకి ఎక్కలేదు. అరవై దాటాక ఎక్కింది గానీ... నిజం చెప్పొద్దూ, ఆ రంగుల పెట్టె తలచుకుంటే ఇప్పటికీ కొంచెం మండుతుంది.

ఇప్పుడు ఆ మడ్డి అలా ఒంపడం లేదట. మా ఊళ్లో కూడా రాత్రి అన్ని ఊళ్లలాగే నల్లబడిపోయింది. మనవరాలు రాత్రి బొమ్మ వేస్తూ నల్లరంగు అడిగితే అందిస్తాను, ఏమీ అనను... ఆ పిల్ల చూసింది ఆ పిల్ల గీస్తుంది.

మీ చిన్నప్పుడు మీ ఊళ్లో రాత్రి ఏ రంగులో ఉండేదో చెప్పండి... నలుపు అని మాత్రం రాయకండి, నేను నమ్మను.