అడుగు చూసే శేషాచలం గారు

శేషాచలం గారి చేతికి ఏ పాత్ర ఇచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తారు. లోపల ఏముందన్నది ఆయనకు తరవాతి సంగతి. పక్కన కూర్చున్నవాళ్ళకు మాత్రం అదే మొదటి సంగతి. ఉగాది పోట్‌లక్‌కి వసంత గారు చేసుకొచ్చిన మజ్జిగ పులుసు రుచి మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లోని తెలుగువాళ్ళలో ఎవరికీ తెలియదు, సత్యనారాయణమూర్తి గారి పట్టు లాల్చీకి తప్ప. ఆ లాల్చీ తుడవడానికి టిష్యూలు అందించినవాడు అక్కడి తెలుగు కుర్రాడు వంశీధర్. నవ్వాపుకోలేక కారు పార్కింగ్ దాకా పరిగెత్తినవాడూ అతనే.

ఈ పిచ్చి ఆయనకు మెల్‌బోర్న్ వచ్చాకే పట్టుకుంది. పాత సామాన్లు అమ్మే ఆప్ షాపులో, మనీప్లాంట్ పెట్టుకోవడానికి గోధుమరంగు కూజా ఒకటి కొన్నారు. కడుగుతూ తిరగేస్తే అడుగున ఆర్, పీ అక్షరాలు వీపూ వీపూ ఆనించుకుని నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ అగ్నిజ్వాలలు. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెతికితే తేలిందేమిటంటే, అది అమెరికాలో సిన్సినాటిలోని రుక్‌వుడ్ అనే కుండల కంపెనీ ముద్ర. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఏడాదికో జ్వాల పెంచుకుంటూ పోయారట. జ్వాలలు లెక్కపెడితే కూజా పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది.

"చూశావా ఆండాళూ, కుండకి కూడా జాతకం ఉంది" అన్నారు భార్యతో.

"మొక్కకీ ఉంది. నీళ్ళు పోయకపోతే ఇవాళే ఆఖరు" అందావిడ.

ముద్ర ఉన్న కుండ పేరు ఎవరైనా చెబుతారు. ముద్ర లేని కుండ దొరికితేనే ఆయనకు పండగ. పూత అంటని అంచు దగ్గర మట్టి ఏ రంగో చూసి, చేత్తో బరువు తూచి, వెల్లర్ అనో రోజ్‌విల్ అనో తేల్చేవారు. రెండూ ఒహాయో రాష్ట్రం కంపెనీలే. ఉంటున్న వీధి పేరు అడిగితే ఆండాళ్ గారి వైపు చూసే మనిషికి ఒహాయోలో కుండల బట్టీలు ఏ ఊళ్ళో ఉండేవో కంఠతా వచ్చు. ఒకసారి పక్కింటి దొర గారు టీకి పిలిస్తే, వాళ్ళ అలమర మీది నీలం జాడీ తిరగెయ్యబోయారు. ఆండాళ్ గారు చటుక్కున చెయ్యి పట్టుకుని, "ఆగండి, అందులో వాళ్ళ నాన్నగారున్నారు" అంది.

అలాంటి మనిషి ఓ ఆదివారం వంశీధర్ ఇంటి తలుపు కొట్టారు. అప్పటికి వంశీధర్ కాంట్రాక్ట్ ముగిసి రెండు నెలలు. ఎవరికీ చెప్పలేదు. పురిటికి విజయవాడ వెళ్ళిన భార్య అమృతకీ చెప్పలేదు. రోజూ ఫోన్లో "ఆఫీస్‌లో ఫుల్ బిజీ" అనేవాడు. బ్లైండ్స్ దించుకుని, టోస్ట్ తిని, అప్లికేషన్లు పంపి, మళ్ళీ టోస్ట్ తినేవాడు.

"భోంచేశావుటోయ్?"

"అయింది అంకుల్. హెవీ లంచ్."

శేషాచలం గారు తిన్నగా వంటింట్లోకి నడిచారు. కుక్కర్ తిరగేశారు, బాణలి తిరగేశారు. వాటికి అమెరికాతో ఏం సంబంధమో వంశీధర్‌కి అర్థం కాలేదు. తరవాత హాల్లోకొచ్చి, తాళాలు వేసుకునే నీలం గిన్నెని తిరగేశారు. తాళాలన్నీ కింద పడ్డాయి.

"ఇదెక్కడిదోయ్?"

"ఐడియా లేదు అంకుల్. ఇల్లు మారినప్పుడు అమృత కొంది. ఆర్డినరీ బౌల్."

"ఆర్డినరీ అనడానికి నువ్వెవరు? ముద్ర లేదు, అదే అనుమానం. వెల్లర్ కావచ్చు. నాలుగు రోజులు నా దగ్గర ఉంచుతాను."

నాలుగో రోజు గిన్నె తిరిగొచ్చింది, నిండా పులిహోరతో.

"ఇదేంటి అంకుల్?"

"ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా. మీ ఆంటీ ఒప్పుకోదు. ఇది వెల్లర్ కాదోయ్, రోజ్‌విల్ అయ్యుండాలి. వాళ్ళు కొన్నాళ్ళు కాగితం లేబుళ్ళు అంటించేవారు, కడిగితే పోయేవి. నువ్వు తినేసి గిన్నె ఇయ్యి, పట్టుకెళ్తాను."

రోజ్‌విల్ దద్దోజనంగా తిరిగొచ్చింది. ఆ పైన బోస్టన్ గ్రూబీ కంపెనీ అన్న అనుమానం వచ్చి గుత్తి వంకాయగా తేలింది. మధ్యలో వంశీధర్‌కీ ఆసక్తి పుట్టి నెట్‌లో చదివాడు.

"అంకుల్, గ్రూబీ అంటే ఎక్కువగా గ్రీన్ కదా? మనది బ్లూ."

శేషాచలం గారు కాస్త కంగారు పడ్డారు. "నీలం కూడా చేశారోయ్, అరుదుగా. నువ్వు తిను."

ఆ వంకాయ తింటూనే వంశీధర్ అసలు సంగతి చెప్పేశాడు. ఆయనేం ఆశ్చర్యపోలేదు.

"ముందు ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యి. ముద్ర లేని కుండయితే మనం తంటాలుపడి కనిపెట్టాలి. నోరున్న మనిషివి, నువ్వు చెప్పచ్చు కదా" అన్నారు.

చెప్పాడు. దాచినందుకు అమృత తిట్టింది, తిట్టాక ఏం తింటున్నావని అడిగింది. "గ్రూబీ" అన్నాడు. అదేం కూరో ఆమెకి అంతుబట్టలేదు. చాలా రోజుల తరవాత ఆ రాత్రి వంశీధర్‌కి కంటినిండా నిద్రపట్టింది.

తరవాతి నెలలో, కారులో రోజూ వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న జిలాంగ్‌లో ఉద్యోగం వచ్చింది. వంశీధర్ స్వీట్ బాక్స్ పట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తాడు. కబుర్లయ్యాక, "ఇంతకీ మన గిన్నె ఏ కంపెనీ అంకుల్?" అని అడిగాడు.

ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆండాళ్ గారు నవ్వేసింది.

"ఏ కంపెనీ ఏమిటి నాయనా, కింద సూపర్ మార్కెట్ స్టిక్కర్ ఉంటేనూ. దార్లోనే గోటితో గీకేశారట. ఇంటికొచ్చి, 'ఆ కుర్రాడి కుక్కర్ అడుగున దుమ్ము పట్టుందే, ఊరికే పెడితే తినడు' అన్నారు. మిగిలిన జిగురు నేను కొబ్బరినూనె పెట్టి వదలగొట్టాను."

వంశీధర్ స్వీట్ బాక్స్ విప్పి మొదటి స్వీట్ ఆయన చేతిలో పెట్టాడు.

"వీడికి ఉద్యోగం వచ్చింది. ఇంక ఏ కంపెనీ పేరు చెప్పి పెట్టాలో ఏమిటో" అని శేషాచలం గారు నిజంగానే దిగులుపడ్డారు.

"అన్నానికి రమ్మంటే రాడూ?" అంటూ ఆవిడ కంచాలు వెయ్యడానికి లేచింది.