ముందు గాలి, తర్వాతే పాఠం

మా ఎకనామిక్స్ మేడమ్ గారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను గుండుగొలను అవతల నా చేపల చెరువు గట్టు మీద ఉన్నాను. మూడు రోజులుగా ముసురు. మర్నాడు ఏలూరు చర్చిలో ఒకాయన మైకు పట్టుకుని, "సౌమ్యురాలండీ, ఎవరినీ ఒక్క మాటతోనైనా నొప్పించి ఎరగరు" అన్నాడు. ఎవరు, ఆవిడా! ఒళ్లు మండిపోయింది నాకు.

మన దేశం బంగారాన్ని విమానంలో పైదేశానికి పంపి అప్పు తెచ్చుకున్న ఏడాది నేను ఆవిడ క్లాసులో ఉన్నాను. బైబిలు సంచిలోంచి మడతపెట్టిన పేపరు తీసి, "అప్పు కాగితం ఆఖరి పేజీ నుంచి చదవండి. మొదటి పేజీలో జాలి ఉంటుంది, షరతులన్నీ ఆఖర్నే ఉంటాయి" అనేవారు. ఓసారి ప్రిన్సిపాల్ గారు గుమ్మంలో నిలబడి, "ఇది సిలబస్‌లో లేదు కదమ్మా" అన్నారు. "దేశం సిలబస్ చూసుకుని అప్పు చేయలేదండీ" అన్నారు మేడమ్ గారు. అదండీ ఆవిడ సౌమ్యత.

శ్రీలంకలో జనం పెట్రోలు కోసం బారులు తీరిన ఏడాది నా చెరువుకి ముప్పొచ్చింది. ముసురులో మేత తగ్గించాలని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. చేప త్వరగా బరువెక్కాలన్న ఆశతో నేను తగ్గించలేదు. తెల్లవారుజామున చూద్దును కదా, నీళ్లలో గాలి చాలక చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఇంజనుతో నీళ్లు చిమ్మించి చెరువుకి గాలి పట్టించాలి. నా ఇంజను రిపేరులో ఉంది. మేత షాపాయన తనది పంపుతానన్నాడు గానీ ముందు కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. మూడు పంటలు చేప తనకే అమ్మాలి, రేటు తనే చెబుతాడు. పైగా మేత గురించి పావుగంట క్లాసు పీకాడు.

పెన్ను చేతిలో ఉండగానే మేడమ్ గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"తప్పు నీదేనయ్యా" అన్నారు. "అయితే మాత్రం? ఊపిరాడనివాడికి ముందు పాఠమా, గాలా? దేశాలకీ ఇదే చేస్తారు. ఒంటరిగా వచ్చినవాడంటే అప్పిచ్చేవాడికి మహా ఇష్టం. పక్క చెరువు వాళ్లని అడిగావా?"

"మాటల్లేవండీ. గట్టు తగాదా."

"చేపలకి లేదుగా తగాదా. వెళ్లు."

సిగ్గు చంపుకుని వెళ్లాను. గట్టు అవతలాయన లుంగీ ఎగ్గట్టి ఇంజను తోసుకొస్తూ, "గట్టు సంగతి తర్వాత చూసుకుందాం లెండి, ముందు ఆ పైపందుకోండి" అన్నాడు. సగం చేప దక్కింది. ఇవాళ నా చెరువు నాదిగా ఉందంటే అది మేడమ్ గారి చలవే. ఆ ఏడే ఐదు చెరువుల వాళ్లం కలిసి ఓ ఇంజను కొని షెడ్డులో పెట్టుకున్నాం. షెడ్డుకి తాళం వేయకూడదన్నారు ఆవిడ. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే.

ఆవిడ భూస్థాపన అయిన మర్నాడు తెల్లారుతుండగా, ఆ మేత షాపాయనే రొప్పుకుంటూ మా గట్టెక్కాడు. తన చెరువులో చేప తేలిందట, ఇంజను మొరాయించిందట. దాచడమెందుకు, బాగా అయిందనిపించింది నాకు. మూడు పంటల మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏం రాయమంటారండీ?" అంటూ అలవాటుకొద్దీ ఆయనే జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏం వద్దండీ. ముందు అటువైపు పట్టుకోండి" అన్నాను, షెడ్డులో మా ఇంజను దగ్గరికి నడిచి.

ఆయన పెన్ను నోట కరుచుకుని ఇంజను పట్టుకున్నాడు. ఇద్దరం బురదలో తోసుకెళ్లాం. నీళ్లు తెల్లగా లేచి ఆయన చెరువులో పడుతున్నాయి, చేపలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. ఆయన నోట్లో పెన్ను అలాగే ఉంది.