ఎడారికి తుమ్ములు నేర్పిన కన్నమ్మ

ఎడారిలో రాజులు నడిచారు, ఒంటెలు నడిచాయి, సైన్యాలు నడిచాయి. వాళ్లెవరివల్లా కాని పని మా నానమ్మ కన్నమ్మ ఒక్క పూటలో చేసి వచ్చింది. ఎడారి చేత తుమ్మించింది. నమ్మనివాళ్లు ఇల్లందు దాటి అడవి అంచున ఉన్న మా గూడేనికి వచ్చి ఎవరినైనా అడగొచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుని వస్తే మంచిది.

కన్నమ్మ మనిషి పొట్టి, గొంతు పెద్దది. చిన్న చెలక, నాలుగు కోళ్లు, పెరట్లో మిరప. వీటిలో ఆమె ఆస్తి అనుకునేది మిరపనే. అందరి కాయలూ నేలకేసి వేలాడితే, ఈమె కాయలు ఆకాశానికేసి తలెత్తుకుని నిలబడతాయి. అత్తగారి చేతినుంచి వచ్చిన విత్తనం అది. తొలకరికి ముందు గూడెంలో విత్తనాల పండగ జరుగుతుంది. ఇంటింటి నుంచీ గుప్పెడు విత్తనం తెచ్చి అమ్మవారి ముందు కుప్పలో కలిపి, తర్వాత తలా ఇంత పంచుకుంటారు. మిగతా ఇళ్లవాళ్లు కంపెనీ విత్తనం మోజులో పడి ఈ మిరపను ఎప్పుడో వదిలేశారు. ఇప్పుడు కన్నమ్మ గుప్పెడు లేకపోతే అది ఇక ఎక్కడా లేనట్టే.

ఈసారి కాయ కోసి వాకిట్లో పోసిందో లేదో అకాల వాన దంచికొట్టింది. తెల్లారితే మహిళా సంఘం యాత్ర.

ఆ యాత్ర సంఘం లీడర్ సుజాత పుణ్యం. రాజస్థాన్ ఎడారిలో ఎవరో కళాకారుడు నేలమీద రాళ్లు పేర్చి పెద్ద సుడి చేశాడని ఫోన్‌లో చూసింది. "ఎప్పుడు జూసినా గుళ్లేనా? ఈసారి రాళ్లు సూద్దాం" అంది. మా అన్న రవీందర్‌కు కిరాయికి తిప్పే తుఫాన్ బండి ఉంది. అందరూ సరే అన్నారు.

"నేను రాను" అంది కన్నమ్మ. "కాయ తడిసింది. బూజు పడితే విత్తనం పాయె."

"ఇంటికాడ నీ కొడుకు ఉన్నడు గద పెద్దమ్మా, ఆరబోస్తడు."

"వాడా? కోడొచ్చి కాయ మేస్తాంటే కోడికి ఫోటో తీస్తడు."

"అట్లయితే కాయను గూడ తీస్కరా!" అని సుజాత పకపకా నవ్వింది.

కన్నమ్మ నవ్వలేదు. గోనెసంచి తెచ్చి ముందు సీట్లో పెట్టింది. దాని పక్కన తను కూర్చుంది.

నాగపూర్ చేరేసరికి బండిలో అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. ఒకరు తుమ్మితే బండెడుమంది తుమ్మారు. దాబా దగ్గర ఆగితే చాలు, కన్నమ్మ బానెట్ మీద కాయ పరిచేది. ఒక చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన కిటికీలో తల పెట్టి, గట్టిగా తుమ్మి, ఏమీ అడగకుండానే పొమ్మని చెయ్యి ఊపాడు. "నానమ్మా, నువ్వుంటే టోల్ గేటు గూడ దండం పెడ్తది" అన్నాడు రవీందర్. కానీ పగలు ఆరిన కాయ రాత్రి సంచిలో మళ్లీ మెత్తబడేది. పొద్దున్నే కన్నమ్మ సంచిలో చెయ్యి పెట్టి, వాసన చూసి, బూజు పట్టిందేమోనని కాయలు ఒక్కొక్కటే తిప్పి చూసేది.

ఎడారిలో ముందు చెట్లు రాళ్లయిపోయిన చోటు చూపించారు. కోట్ల ఏళ్ల కింద అక్కడ అడవి ఉండేదని రవీందర్ బోర్డు చదివి చెప్పాడు. కన్నమ్మ ఆ రాతి దుంగను వేలితో కొట్టి చూసింది.

"రాయి అయ్యేదాక ఎవ్వలు కొట్టుకపోలేదా? గీడ ఫారెస్టోళ్లు గట్టోళ్లే ఉన్నట్టున్నరు."

తర్వాత ఇసుక తిన్నెలు. సంఘంలోని కళావతి, మనవలున్న మనిషి, చీర దోపుకుని తిన్నె మీంచి జర్రున జారింది. ఆమె వెనకే సంఘమంతా కేకలు పెడుతూ జారింది. కన్నమ్మ మాత్రం ఇసుకలో అరచెయ్యి ఆనించి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది.

"గింత ఎండ! ఉత్తగ పోతాంది గదనే!"

ఆ సుడి దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. వరస మీద వరస రాళ్లు, మధ్యలో అద్దంలా అలికి ఊడ్చిన నేల. రవీందర్ టికెట్ల దగ్గర, మిగతావాళ్లు పక్కనున్న దిబ్బ మీద టూరిస్టుల మధ్య ఫోటోల దగ్గర. కన్నమ్మ ఒక్కతే ఆ నేలను తేరిపార చూసింది. మా వైపు ఏదైనా ఆరబోస్తే చుట్టూ రాళ్లు పెడతారు. రాళ్లుండి, ఊడ్చి, ఖాళీగా ఉంటే అది కళ్లం. ఖాళీ కళ్లంలో ఎవరైనా ఆరబోసుకోవచ్చు, అడగనక్కర్లేదు. వెళ్లేటప్పుడు ఊడ్చి వెళితే చాలు.

సంచి భుజానికెత్తుకుని, రాళ్ల వరసలు దాటి, నట్టనడుమ కుమ్మరించింది.

కాపలా మీసాలాయన ఈల ఊదుకుంటూ పరుగెత్తాడు. "యే క్యా హై?"

"మిర్చీ హై సాబ్" అన్నాడు రవీందర్, టికెట్లు చేత్తో పట్టుకుని రొప్పుతూ.

"ఖాళీగున్నదని పోసిన. పోయేటప్పుడు ఊడుస్త అని చెప్పురా" అంది కన్నమ్మ, కాయలను కాలితో నెరుపుతూ.

రవీందర్ హిందీలో ఏం చెప్పాడో దేవుడికే తెలియాలి. మీసాలాయన సంచి అందుకుని కాయలు ఎత్తబోయాడు. కన్నమ్మ సంచి మీద కూర్చుంది. అంతలో దిబ్బ మీది జనం చప్పట్లు కొట్టారు. పైనుంచి చూస్తే ఆ సుడి నడుమ ఎర్రగా బొట్టు పెట్టినట్టుందట! "రహనే దో, రహనే దో!" అని, అలాగే ఉండనిమ్మని అందరూ ఫోన్లు ఎత్తారు. ఆయన మీసం దువ్వుకుని, తనూ ఫోన్ తీశాడు.

కాయలు గలగలమనే దాకా ఎండాయి. అప్పుడు లేచింది సుడిగాలి. కాయలు నాలుగు దిక్కులా పరిగెత్తాయి, కారపు పొడి పైకి లేచింది. "నా విత్తనం!" అని కన్నమ్మ పెట్టిన కేకకు దిబ్బ మీది జనమంతా దిగి వచ్చారు. టోపీలు పట్టినవాళ్లు, చున్నీలు పట్టినవాళ్లు, ఒంటె మీంచి దూకినవాళ్లు. అందరూ తుమ్ముతూనే ఏరారు. చివరికి ఒంటె కూడా తుమ్మింది. మీసాలాయన తలపాగా విప్పి దాని నిండా కాయలు తెచ్చి ఇచ్చాడు, కళ్లు తుడుచుకుంటూ. కన్నమ్మ ఆయన చేతిలో రెండు కాయలు పెట్టి, చీపురు అడిగి తెప్పించుకుని, ఆ నేలంతా మళ్లీ ఊడ్చింది. అందరూ మొహాలు కడుక్కుని వచ్చేదాకా ఊడుస్తూనే ఉంది.

పండగనాడు అమ్మవారి ముందు కుప్పలో కన్నమ్మ గుప్పెడు పడింది. అందులో కాస్త ఎడారి ఇసుక కూడా పడింది. వానలకు నారు మడిలో మొలకలు పచ్చగా లేచాయి.

ఇదంతా రాసి, మురిసిపోతుందనుకుని నేను వాకిట్లో కూర్చుని ఆమెకు చదివి వినిపిస్తే, చివరిదాకా విని కన్నమ్మ అంది:

"అవ్, అన్ని రాసినవ్. నువ్వు గీడ కూసొని సదువుతాంటే కోళ్లు నారుమడిల పడ్డయ్. లేసి తోలుపో!"